ప్యూర్టో రికోలో కృతజ్ఞతా పండుగ

అమెరికా పటంలో ఫ్లోరిడా కొస మీద వేలు పెట్టి, ఆగ్నేయంగా సముద్రం మీదుగా జరుపుకుంటూ వెళ్ళండి. క్యూబా దాటాలి. హైతీ, డొమినికన్ రిపబ్లిక్ కలిసి ఉన్న పెద్ద దీవి దాటాలి. అప్పుడు ఒక చిన్న దీవి తగులుతుంది. అదే ప్యూర్టో రికో. సుమారు 160 కిలోమీటర్ల పొడవు, 55 కిలోమీటర్ల వెడల్పు. అంటే మన పాత కృష్ణా జిల్లా అంత ఉంటుంది. 2020 జనాభా లెక్కల ప్రకారం అక్కడ ఉన్నవారు దాదాపు 33 లక్షల మంది.

1493 నవంబరులో కొలంబసు తన రెండవ ప్రయాణంలో ఈ దీవి చేరి, దీనికి బాప్తిస్మమిచ్చు యోహాను పేరు పెట్టాడు. స్పానిష్ భాషలో 'సాన్ హువాన్ బౌతీస్తా' అంటారు. ఓడలు ఆగే రేవు పట్టణానికేమో 'ప్యూర్టో రికో', అంటే సంపన్నమైన రేవు, అనే పేరు వచ్చింది. తరువాత కాలంలో ఈ రెండు పేర్లూ తారుమారయ్యాయి. ఇప్పుడు దీవి ప్యూర్టో రికో, పట్టణం సాన్ హువాన్. అయినా యోహానును మాత్రం వారు మరచిపోలేదు. ఆ దీవి రాజముద్ర మీద, బిడ్డకు ఏ పేరు పెట్టాలని అడిగినప్పుడు జెకర్యా పలక మీద వ్రాసిన మాటే లాటిన్‌లో ఉంటుంది.

మా అల్లుడుగారు మందుల ఫ్యాక్టరీలో ఇంజనీరు. ఆ దీవిలో అమెరికా కంపెనీల మందుల ఫ్యాక్టరీలు చాలా ఉన్నాయి. వాటిలో పని మీద వచ్చి ఒకటి రెండేళ్ళు ఉండి వెళ్ళే మన తెలుగు పిల్లలు అక్కడక్కడా కనబడతారు. అలా మా అమ్మాయి కుటుంబం సాన్ హువాన్ పక్కన ఒక పేటలో కాపురం ఉన్నప్పుడు, 2022 నవంబరులో మావారూ నేనూ వెళ్ళి ఐదు వారాలు ఉండి వచ్చాము.

చూడవలసినవన్నీ చూశాము. సముద్రపుటొడ్డున స్పెయినువారు 1539లో కట్టడం మొదలుపెట్టిన 'ఎల్ మోరో' కోట, నీలిరంగు రాళ్ళు పరచిన పాత పట్టణపు వీధులు, ఇంటికో రంగు వేసిన గోడలు అన్నీ అందమైనవే. రాత్రి అయితే చాలు, వేలెడంత కూడా లేని ఒక కప్ప 'కో-కీ, కో-కీ' అని తెల్లవార్లూ అరుస్తుంది. దాని పేరే 'కోకీ' అని పెట్టుకున్నారు. కాని నేను ఇక్కడ వ్రాయదలచినది వాటి గురించి కాదు, ఒక వంటింటి గురించి. ఆ వంటింట్లో రెండు రోజులు ఊరి, మూడు గంటలకు పైగా కాలిన ఒక టర్కీ కోడి గురించి.

నెమలి పేరు పెట్టుకున్న కోడి

టర్కీ కోడిని మనలో చాలామంది క్రిస్మసు కార్డుల మీదే చూసి ఉంటారు. అది టర్కీ దేశానిది కాదు. దాని పుట్టిల్లు అమెరికా ఖండం. మెక్సికో ప్రాంతపు ప్రజలు దాన్ని ఎన్నో వందల ఏళ్ళ క్రితమే మచ్చిక చేసుకున్నారు. స్పెయినువారు 1500ల మొదట్లో దాన్ని ఐరోపాకు తీసుకువెళ్ళారు. అక్కడినుంచి దాని పేరు పడిన తిప్పలు వింటే నవ్వొస్తుంది. ఇంగ్లీషువారు దాన్ని టర్కీ పక్షి అన్నారు. టర్కీవారేమో 'హిందీ' అంటారు, అంటే ఇండియాది అని. ఫ్రెంచివారి మాటకూ అర్థం ఇండియా కోడి అనే. స్పెయినువారు దాని తోక విప్పడం చూసి నెమలి పేరే దానికి పెట్టేశారు. అదే 'పవో'. మరి అసలు నెమలిని ఏమనాలి? 'రాజ పవో' అని వేరే పేరు పెట్టుకోవలసి వచ్చింది! మన దేశానికి కూడా ఈ పక్షి తొందరగానే వచ్చింది. 1612లో గోవా రేవు నుండి తెచ్చిన టర్కీ కోడిని చూసి జహంగీరు చక్రవర్తి ముచ్చటపడి, తన ఆస్థాన చిత్రకారుడు మన్సూరు చేత బొమ్మ వేయించాడు. ఆ బొమ్మ ఇప్పుడు లండను మ్యూజియంలో ఉంది.

అమెరికాలో నవంబరు నెల నాలుగవ గురువారం కృతజ్ఞతా పండుగ. 1621లో ప్లిమత్‌లో కొత్తగా దిగిన ఇంగ్లీషువారూ, అక్కడి వాంపనోగ్ తెగవారూ కలిసి తిన్న కోతల విందును దానికి మూలంగా చెప్పుకుంటారు. 1863లో లింకను దేశమంతటికీ ఒక దినం ప్రకటించాడు. 1941లో చట్టం చేసి నాలుగవ గురువారాన్ని స్థిరపరిచారు. మన సంఘాల్లో కోత పండుగ ఎలాంటిదో వారికి అది అలాంటిది. మనం గుమ్మడికాయలు, బియ్యం, కోళ్ళు గుడికి తీసుకువెళ్ళి వేలం పెట్టుకుంటాము. వారు ఇంట్లో టర్కీ కోడిని నిండుగా కాల్చుకుని బంధువులతో కూర్చుంటారు.

ప్యూర్టో రికోకు ఈ పండుగ తనంతట తాను రాలేదు. 1898లో యుద్ధంలో ఓడిపోయి స్పెయిను ఆ దీవిని అమెరికాకు వదులుకుంది. బడులకు, కచేరీలకు అమెరికా సెలవులు వచ్చాయి. 1917లో దీవివారికి అమెరికా పౌరసత్వం ఇచ్చారు. అయినా ఈనాటికీ, దీవిలో కాపురమున్నవారికి అమెరికా అధ్యక్షుణ్ణి ఎన్నుకునే ఓటు లేదు. ఇలా పైనుంచి వచ్చిన పండుగను ఆ ప్రజలు ఏం చేసుకున్నారో చూడాలంటే వారి వంటిల్లే చూడాలి.

పంది మసాలా, టర్కీ కోడి

ఆ దీవిలో పండుగంటే పందిని నిలువునా కాల్చడం. దాన్ని 'లెచోన్' అంటారు. కొండల మీద గ్వావాతే అనే ఊరుంది. మా అల్లుడుగారు ఒక ఆదివారం మధ్యాహ్నం మమ్మల్ని అక్కడికి తీసుకువెళ్ళారు. మలుపుల దారికి రెండు వైపులా పందిని కాల్చే హోటళ్ళే. పొడుగాటి కర్రకు గుచ్చి, బొగ్గుల మీద గంటల తరబడి తిప్పుతూ ఉంటారు. పైతోలు గాజులా పెళపెళలాడుతుంది. ముందు ఆ తోలు ముక్క కోసమే పిల్లలూ పెద్దలూ చేతులు చాస్తారు.

ఈ దీవివారికి అమెరికావారు ఉప్పూ మిరియమూ చల్లి వెన్న రాసి కాల్చే టర్కీ కోడి చప్పగా తోచిందంటే ఆశ్చర్యమేముంది? అందుకని పందికి పట్టించే వెల్లుల్లి నూరుడునే కోడికి పట్టించారు. రుచిలో అది పందికి చెల్లెలయింది. పవో, లెచోన్ అనే రెండు మాటలూ కలిపి 'పవోచోన్' అని పేరు పెట్టారు. ఇప్పుడు అక్కడ కృతజ్ఞతా పండుగ అంటే పవోచోనే.

మా అమ్మాయివాళ్ళ ఇంటి కింది వాటాలో డెబ్బై దాటిన ఒక పెద్దావిడ ఉండేవారు. పేటలో అందరూ ఆమెను 'డోన్యా' అని పిలుస్తారు. మన 'అమ్మగారు' అన్నట్టు. చిన్నప్పుడు కొన్నేళ్ళు న్యూయార్కులో చదివారట, ఇంగ్లీషు బాగానే మాట్లాడతారు. ఏటా ఇరవై మందికి పవోచోన్ చేస్తారు. నేను చూస్తానంటే, "చూడటం కాదు, వెల్లుల్లి వలవండి" అన్నారు. అలా మొదలైంది మా స్నేహం.

శనివారం గడ్డకట్టిన కోడిని కొన్నారు. పన్నెండు పౌన్లు, అంటే సుమారు ఐదున్నర కిలోలు. దాన్ని ఫ్రిజ్ కింది అరలో పెద్ద పళ్ళెంలో పెట్టారు. బల్ల మీద వదిలేస్తే పైభాగం పాడవుతుంది, లోపల ఇంకా గడ్డగానే ఉంటుంది. ఫ్రిజ్‌లో నాలుగైదు పౌన్లకు ఒక దినం లెక్కన మెల్లగా కరగాలి. మంగళవారం ఉదయానికి మెత్తబడింది. కడుపులో కాగితపు సంచిలో పెట్టి ఉంచిన మెడ, కార్జం, కందనకాయ తీసి వేరే పెట్టారు. కోడిని మనలాగ కుళాయి కింద కడగలేదు. నీళ్ళు చిందితే పచ్చిమాంసపు క్రిములు వంటింటి నిండా పడతాయట. శుభ్రమైన కాగితంతో తడి లేకుండా ఒత్తి తుడిచారు.

ఇక నూరుడు. ఆమె దగ్గర చెక్క రోలు ఉంది. 'పిలోన్' అంటారు. పౌనుకు రెండు వెల్లుల్లి రెబ్బల లెక్కన ఇరవై నాలుగు రెబ్బలు, పౌనుకు చిన్న చెంచాకు కాస్త తక్కువగా ఉప్పు, రెండు చెంచాల మిరియాలు, గుప్పెడు ఎండు ఒరిగానో ఆకు వేసి దంచారు. అది ముద్దయ్యాక నాలుగు గరిటెల ఆలివ్ నూనె, రెండు గరిటెల వెనిగరు కలిపారు. పులుపు ఎక్కువైతే రెండు రోజుల్లో మాంసం పైభాగం పిండిలా అయిపోతుందని వెనిగరు తక్కువ వేస్తారు. కొన్ని కోళ్ళకు ఫ్యాక్టరీలోనే ఉప్పునీళ్ళు ఎక్కించి అమ్ముతారు. అట్ట మీద ఆ మాట ఉంటే ఉప్పు సగం తగ్గించాలి.

ఆ తరువాత ఆమె పెరటిలోకి వెళ్ళి కుండీలోనుంచి నాలుగు దళసరి ఆకులు తుంచుకువచ్చారు. "ఇది మా ఒరిగానో" అన్నారు. చేతిలోకి తీసుకుని నలిపి వాసన చూశాను కదా, అది మన వాము ఆకే! మన పెరట్లో పెంచుకుని దగ్గుకు కషాయం కాచేదీ, వానాకాలం బజ్జీలు వేసుకునేదీ అదే. మా అమ్మాయి రెండేళ్ళుగా ఆమె కుండీలోనుంచే తెచ్చుకుని బజ్జీలు వేస్తోందట. ఈ దీవిలోనూ ఆ ఆకు కూరల్లో, మసాలాల్లో పడుతుంది. ఎక్కడి మనం, ఎక్కడి వారు!

నూరుడు పట్టించడంలోనే ఉంది పనితనమంతా. రొమ్ము దగ్గర తోలు కిందికి వేళ్ళు పోనిచ్చి, తోలు చిరగకుండా మాంసం నుంచి విడదీశారు. ఆ సందులోకి ముద్ద కూరి పైనుంచి చేత్తో నిమురుతూ సమంగా పరిచారు. తొడల్లో చిన్న కత్తితో లోతుగా గాట్లు పెట్టి అందులో కూరారు. కడుపులోనూ రాశారు. పైతోలుకు మాత్రం చివర మిగిలినది కొంచెమే రాశారు. ఎందుకని అడిగాను. "ఉప్పు ఒక్కటే లోపలికి నడుస్తుంది. వెల్లుల్లి నడవదు, మనమే తీసుకువెళ్ళి పెట్టాలి" అన్నారు. ఆ మాట నిజమే. ఉప్పుకు కాలమిస్తే మాంసం లోలోపలికి దిగి, కాలేటప్పుడు నీరు కారిపోకుండా పట్టి ఉంచుతుంది. మిగిలిన దినుసుల వాసన పైపైనే నిలిచిపోతుంది. అందుకే ఆ గాట్లు, ఆ తోలు కింది కూరుడు, ఆ రెండు దినాల ఎదురుచూపు.

చీకట్లో చెప్పిన మాట

ఊరబెట్టడానికి ఉప్పు, వెల్లుల్లి ఉంటే చాలదు. రెండు దినాలు ఆగని చల్లదనం కావాలి. నాలుగు డిగ్రీల సెంటిగ్రేడు మించకూడదు. ఆ దీవిలో అదే కష్టం.

బుధవారం రాత్రి ఎనిమిది గంటలకు కరెంటు పోయింది. ఆ సెప్టెంబరు 18న ఫియోనా తుపాను వచ్చి దీవి మొత్తం చీకటైంది. అప్పటినుంచి కరెంటు అలా వచ్చిపోతూనే ఉందట. మేము కొవ్వొత్తి తీసుకుని కిందికి దిగాము. డోన్యాగారు ఫ్రిజ్ ముందు కుర్చీ వేసుకుని కూర్చుని ఉన్నారు. మనవళ్ళెవరూ తలుపు తీయకుండా కాపలా! తలుపు తెరవకపోతే నాలుగు గంటల వరకు ఫ్రిజ్‌లో చల్లదనం నిలుస్తుంది. ఆ తరువాతకని పైఅరలో ఐసు సంచులు కూడా సిద్ధంగా పెట్టుకున్నారు. నేను పక్కన కూర్చున్నాను. కప్పలు అరుస్తున్నాయి. అప్పుడు 2017 సంగతి చెప్పారు.

ఆ ఏడు సెప్టెంబరు 20న మరియా తుపాను దీవిని ఒక మూలనుంచి ఇంకో మూలకు చీల్చుకుంటూ పోయింది. గాలి వేగం గంటకు 250 కిలోమీటర్లు. కరెంటు స్తంభాలు, తీగలు ఊళ్ళకు ఊళ్ళే పడిపోయాయి. దీవి అంతటికీ కరెంటు తిరిగి రావడానికి ఇంచుమించు పదకొండు నెలలు పట్టింది. డోన్యాగారి భర్తకు ఊపిరితిత్తుల జబ్బు. రాత్రిళ్ళు గాలిని శుద్ధిచేసి ఆక్సిజను ఇచ్చే యంత్రం పెట్టుకుని పడుకునేవారు. అది కరెంటుతో నడిచేది. ఎదురింటివారి జనరేటరు నుంచి తీగ లాగి కొన్ని రోజులు నడిపారు. తరువాత డీజిలు దొరకలేదు. దొరికిన రోజున జనరేటరు నడవలేదు. అక్టోబరు మూడో వారంలో ఒక తెల్లవారుజామున ఆయన కన్నుమూశారు.

తుపాను మృతులు 64 మంది అని ప్రభుత్వం మొదట చెప్పింది.  మందు దొరకక, యంత్రం ఆగి, ఆసుపత్రికి దారిలేక పోయినవారిలో చాలామందిని లెక్కపెట్టలేదు. 2018 జూనులో సాన్ హువాన్‌లోని శాసనసభ భవనం ముందు జనం ఒక పని చేశారు. చనిపోయిన తమవారి చెప్పులు, బూట్లు తెచ్చి అక్కడ వరుసగా పెట్టారు. ముసలివారి చెప్పులు, పసిపిల్లల బూట్లు వందల జతలు! డోన్యాగారు కూడా ఒక జత పెట్టి వచ్చారు. "ఆదివారం వేసుకునే నల్ల బూట్లు. పాలిష్ చేసి మరీ పెట్టాను" అన్నారు. ఆ ఆగస్టులో ఒక విశ్వవిద్యాలయం చేసిన అధ్యయనం ప్రకారం, మృతులు 2,975 మంది అని ప్రభుత్వం ఒప్పుకుంది. అది కూడా మామూలు ఏడాది మరణాలతో పోల్చి కట్టిన లెక్కే. అందులో పేర్లు లేవు.

దివిసీమ ఉప్పెన చూసిన మన తీరప్రాంతం వారికి ఈ మాట వేరే చెప్పనక్కరలేదు. అదీ నవంబరే, 1977 నవంబరు 19. అక్కడ పోయినవారిలో ఎందరికి పేరూ సమాధీ దక్కాయి?

"మరి ఆ నవంబరులో మీరు కృతజ్ఞతా పండుగ చేశారా?" అని అడిగాను. అడిగాక, ఏమనుకుంటారో అనిపించింది. కొంచెంసేపు ఊరుకుని చెప్పారు. అప్పటికి తుపాను వచ్చి రెండు నెలలు. లక్షల ఇళ్ళు ఇంకా చీకట్లోనే ఉన్నాయి. ఫ్రిజ్ లేదు, ఊరబెట్టే దారి లేదు. ఆమె తలుపు వేసుకుని పడుకున్నారు. మధ్యాహ్నం ఎదురింటివారు ఎక్కడో సంపాదించిన చిన్న టర్కీ కోడిని పట్టుకుని వచ్చారు. ఊరడానికి వేళ లేదు గనుక ముక్కలు కొట్టి, అదే వెల్లుల్లి నూరుడు వేసి, గ్యాసు పొయ్యి మీద పెద్ద డేగిసాలో ఉడికించారు. వీధిలో పదిహేను మంది కొవ్వొత్తుల వెలుగులో తిన్నారు. ఒక పెద్దాయన ప్రార్థన చేశారు.

"నేను ఆమేన్ అనలేదు. తిన్నాను. అంతే" అన్నారు డోన్యాగారు.

పదిన్నరకు కరెంటు వచ్చింది. ఆమె లేచి ఫ్రిజ్ తెరిచి కోడిని చేత్తో తాకి చూశారు. చల్లగానే ఉంది. పైన కప్పిన కాగితం తీసేసి మూత లేకుండా వదిలారు. ఆఖరి రాత్రి గాలి తగిలి తోలు ఆరితేనే కాలినప్పుడు పెళుసుగా వస్తుంది.

గురువారం

ఆమె ఓవెను గ్యాసుది, అగ్గిపుల్లతో వెలిగించేది. మరియా తరువాత పట్టుబట్టి కొనుక్కున్నారట. గురువారం ఉదయం పదకొండు గంటలకు వేడి 325 డిగ్రీల ఫారెన్‌హీటు, అంటే సుమారు 160 సెంటిగ్రేడు, చేసి కోడిని లోపల పెట్టారు. టర్కీ కోడిని నిండుగా కాల్చడంలో చిక్కేమిటంటే, రొమ్ము తొందరగా ఉడికి ఎండిపోతుంది, తొడలు ఆలస్యంగా ఉడుకుతాయి. అందుకని మొదట అల్యూమినియం రేకు కప్పి, ఆఖరి ముప్పావు గంటలో రేకు తీసి వేడి పెంచారు. తోలు ఎర్రబడి బుడగలు తేలింది. కాలిందో లేదో రంగు చూసి చెప్పలేము. సూది ఉన్న థర్మామీటరును తొడ లోతుల్లో ఎముకకు తగలకుండా గుచ్చాలి. రొమ్ములోనూ చూడాలి. 165 ఫారెన్‌హీటు, అంటే 74 సెంటిగ్రేడు, రావాలి. పన్నెండు పౌన్ల కోడికి మూడు గంటలకు పైనే పట్టింది. తీశాక అరగంట ముట్టుకోనివ్వలేదు. వెంటనే కోస్తే రసమంతా పళ్ళెం పాలవుతుందట.

పక్క పొయ్యి మీద అన్నం. దాని పేరు 'అర్రోస్ కోన్ గండూలెస్'. గండూలెస్ అన్న మాట వినగానే తెలుగు చెవికి కందులు అన్నట్టే ఉంది. గిన్నెలోకి చూస్తే ఉన్నవీ అవే, పచ్చి కందులు! మన దేశంలో పుట్టిన ఈ పంట ఆఫ్రికాకు వెళ్ళి, అక్కడినుంచి బానిసల ఓడల కాలంలో ఈ దీవులకు చేరింది. మన మన్యంలో జాఫ్రా అని పండించే ఎర్రగింజలతో కాచిన నూనె పోయడంతో అన్నం పసుపుపచ్చగా ఉంది. అడుగున కరకరలాడే మాడుపెచ్చును వారూ వదలరు. 'పెగావ్' అని ముద్దుగా పిలిచి, గరిటెతో గీకి వంతులు వేసుకుంటారు. అరటికాయలు వేయించి వెల్లుల్లితో దంచిన ముద్ద, కొబ్బరిపాలతో చేసిన తీపి కూడా ఉన్నాయి. ఆ తీపి పళ్ళెంలో వణుకుతుందని దానికి వణుకుడు అనే అర్థంతోనే 'తెంబ్లేకె' అని పేరు పెట్టారు.

ఇరవై రెండు మందిమి కూర్చున్నాము. నేను కారం లేని వంట ఎలా తింటానో అనుకున్నాను గాని, తొడ ముక్క నోట్లో పెట్టుకోగానే వెల్లుల్లి, మిరియం, వాము ఆకు ఎముక దాకా తగిలాయి. మావారు రెండోసారి అడిగి వేయించుకున్నారు. ఇంట్లో ఆ పని చేసి ఎన్నేళ్ళయిందో!

తినే ముందు డోన్యాగారు ప్రార్థన చేశారు. మా అమ్మాయి మెల్లగా తెలుగులో చెబుతూ వచ్చింది. అందులో ఆరోగ్యానికీ ఐశ్వర్యానికీ స్తోత్రాలు లేవు. మనుష్యుల పేర్లున్నాయి. మొదటి పేరు ఆమె భర్తది. తరువాత జనరేటరు తీగ ఇచ్చిన ఎదురింటివారిది. ఆ రోజు కోడి తెచ్చినవారిది, ముక్కలు కొట్టినవారిది. ఆ ఏడు ప్రార్థన చేసిన పెద్దాయనది కూడా. ఆయనా ఇప్పుడు లేరట. ఆఖరున మా నలుగురి పేర్లూ, మా మనవడి పేరూ చెప్పారు. అప్పుడు "ఆమేన్" అని అందరికంటే గట్టిగా ఆమే అన్నారు.

మన ఇళ్ళల్లోనూ చాలాసార్లు ప్రార్థనలో స్తోత్రాల పట్టిక చదివినట్టు చదివేస్తాము. మంచి జరిగింది గనుక వందనాలు అంటాము. మంచి జరగని ఏడు ఏమనాలో మనకు ఎవరూ నేర్పలేదు. ఆమె ఒక ఏడు ఏమీ అనకుండా ఊరుకున్నారు. ఆ ఊరుకోవడాన్ని ఆ వీధివారు తప్పుపట్టలేదు, పళ్ళెంలో ముక్క వేసి ఇచ్చారు. మరుసటి ఏడు ఆమే మళ్ళీ రోలు దించారు. వేరేవారి సెలవు దినంగా వచ్చిన పండుగ ఆ విధంగా ఆమె సొంత పండుగయింది.

మీ ఇంట చేయదలచుకుంటే

టర్కీ కోడి ఇప్పుడు మన పట్టణాల్లోనూ దొరుకుతోంది. అక్కడక్కడా పెంచేవారూ ఉన్నారు. మన ఓవెన్లలో పన్నెండు పౌన్లది పట్టదు. మూడు కిలోల లోపుది చెప్పి తెప్పించుకోండి. అదీ కాకపోతే పెద్ద నాటుకోడికైనా ఇదే నూరుడు బాగుంటుంది. నాటుకోడి గట్టిగా ఉంటుంది గనుక రేకు కప్పి ఎక్కువసేపు, తక్కువ వేడిలో కాల్చాలి. కిలోకు నాలుగైదు వెల్లుల్లి రెబ్బలు, చెంచాన్నర ఉప్పు, అర చెంచా మిరియాలు, నాలుగు వాము ఆకులు, ఒక గరిటె నూనె, అర చెక్క నిమ్మరసం చాలు. ఒక పూర్తి రాత్రయినా ఫ్రిజ్‌లో ఊరనివ్వండి. పచ్చికోడి కోసిన కత్తి, పీట వేడినీళ్ళతో సబ్బు పెట్టి కడగనిదే మరొక దానికి వాడకండి.

ఇంకొక మాట. ఇది నలుగురికి వండుకునే వంట కాదు. నిండు కోడి చేస్తే పిలవవలసినవారు ఎవరో ముందే అనుకోండి. మర్నాడు డోన్యాగారు మిగిలిన ఎముకలన్నీ పెద్ద గిన్నెలో వేసి రెండు గంటలు కాచి, ఆ నీళ్ళలో బియ్యం, కొత్తిమీర వాసన వచ్చే ఒక ఆకు వేసి జావలా వండారు. 'అసోపావ్' అంటారు. పండుగకు రాలేకపోయిన ఇళ్ళకు మనవళ్ళ చేత గిన్నెలతో పంపించారు. మా వాటాకు వచ్చిన గిన్నెను మా అమ్మాయి ఖాళీగా తిరిగి పంపలేదు, వాము ఆకు బజ్జీలు వేసి పంపింది.